బిడ్డల రక్తమున సీసము: పరీక్షాపత్రమును చదువు విధము



గడచిన వేసవిలో నొకనాటి అపరాహ్ణమున మా పొరుగింటి యిల్లాలు చేత నొక కాగితము పట్టుకొని వచ్చి మా యరుగుపై గూర్చుండెను. ఆమె కొడుకునకు నాలుగేండ్లు. కొంతకాలముగా వానికి ఆకలి మందగించెను. కడుపునొప్పి యని తరచుగా నేడ్చును. మన్ను తినుట యెంత చెప్పినను మానడు. పిల్లల వైద్యుడు తండ్రి యేమి పని చేయునని యడిగి, పాత బ్యాటరీలు విప్పు దుకాణమున పని యని తెలిసికొని, పిల్లవాని రక్తమున సీసమెంత గలదో చూడవలెనని వ్రాసి యిచ్చెను. పరీక్షాపత్రము వచ్చెను గాని వైద్యుని మరల చూచుటకు ఇంకను మూడు దినములు గడువు గలదు.

“అక్కా, గిదేందో జర చూడు. అరవై దాటిందని మా అత్త ఏడుస్తుంది. నెత్తురు తీసినాయన ఏం ఫికర్ లేదంటుండు. నేను ఎవ్వరి మాట నమ్మాలె?” అని యామె యడిగెను.

పత్రమున సీసము 62 అనియు, దాని ప్రక్క సామాన్య పరిమితి 100 లోపు అనియు అచ్చుపడి యుండెను. 45 దాటిన బిడ్డను ఆస్పత్రిలో చేర్చి విషమును దిగజార్చు మందు ఇయ్యవలెనని అత్తగారెవరినోటనో వినియుండెను. రక్తము తీసినవాడు 62 నూటికి తక్కువ గదా యని ధైర్యము చెప్పెను. ఒకరు భయపడిరి, ఒకరు అభయ మిచ్చిరి. ఇరువురును పొరపడిరి. వైద్యము చేయుట వైద్యుని పని. కాని పత్రమును చదివి అతనిని తగిన ప్రశ్న లడుగుట తల్లి పని యని నాకు ఆనాడు తోచెను.

మొదట చూడవలసినది అంకె కాదు, అంకె ప్రక్కనున్న కొలత. రక్తములోని సీసమును డెసీలీటరునకు ఇన్ని మైక్రోగ్రాము లని చెప్పుట వాడుక. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. డెసీలీటరనగా లీటరులో పదవ వంతు. కొన్ని ప్రయోగశాలలు డెసీలీటరునకు గాక లీటరునకు లెక్క వ్రాయును. అప్పుడు అంకె పదిరెట్లు పెద్దదిగా గనబడును. మా పొరుగింటి పత్రమున లీటరునకే వ్రాసి యుండిరి. కావున ఆ 62 డెసీలీటరునకు 6.2 మాత్రమే. అత్తగారు విన్న 45 డెసీలీటరు లెక్క. రెండును వేరువేరు తూనికలు. మైక్రోమోలు అను మూడవ కొలతయు గలదు. ఆ లెక్కన ఇదే సీసము 0.3 అని కనబడును. అది చూచి తల్లి నిశ్చింతగా నిద్రించును. ఒకే బిడ్డ, ఒకే రక్తము, మూడు అంకెలు!

రెండవది, ఆ పరిమితి యెవరిది? 100 లోపు, అనగా డెసీలీటరునకు 10 లోపు అనునది పెద్దలకు వ్రాసికొన్న హద్దు. మింగిన సీసములో పెద్దవారికంటె పసివారి శరీరము నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పసివాని మెదడు ఇంకను పెరుగుచున్నది గనుక దానికి కలుగు హానియు నెక్కువ. కావున పత్రమున ఎఱ్ఱగీత లేదని సంతోషింపరాదు.

ఆ హద్దు గీతయు స్థిరమైనది కాదు. అమెరికా దేశపు వ్యాధి నివారణ కేంద్రము 1985లో 25 అని గీచిన గీతను 1991లో 10కి, 2012లో 5కి, 2021లో 3.5కి దింపెను. బిడ్డలు మారలేదు, మనుజుల యెరుక మారినది. ఈ 3.5 కూడ విషమునకును నిర్విషమునకును నడిమి హద్దు కాదు. ఆ దేశపు పసివారిలో నూటికి తొంబదియేడుమందికి పైగా దీనికి లోపల నున్నారు గనుక, దీనిని దాటిన బిడ్డకు ఎక్కడనుండియో సీసము తగులుచున్నదని గుర్తింపవలెనని దాని భావము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచనల ప్రకారము 5 గాని అంతకు మించి గాని యున్నచో సీసము వచ్చు దారిని కనుగొని మూయవలెను. పదియేండ్లలోపు బిడ్డలకు 45గాని అంతకు మించిగాని యున్నప్పుడే విషహరణపు మందు అవసరము. సీసమునకు హానిలేని మోతాదంటూ ఏదియు తెలియరాలేదనియు నా సంస్థ చెప్పుచున్నది. ఈ లెక్కన మా పొరుగింటి బాలునకు 6.2 అనగా మందు అక్కరలేదు, ఉపేక్షయు పనికిరాదు.

మూడవది, రక్తమెట్లు తీసిరి? వ్రేలికొనను పొడిచి తీసిన బొట్టులో, చేతిమీది ధూళి కలిసి, లేని సీసము కనబడవచ్చును. అట్టి పరీక్షలో అంకె యెక్కువైనచో చేతి నరమునుండి తీసిన రక్తముతో మరల చూచుకొనిన పిమ్మటనే నమ్మవలెను. ఈ పరీక్షకు లోహములు లేని ప్రత్యేకపు గొట్టము వాడవలెను. బిడ్డను పస్తుంచ నక్కరలేదు.

నాలుగవది, ఆ అంకె యే కాలపు కథ చెప్పును? రక్తములో సీసము సుమారు నెలదినములలో సగమునకు తగ్గును. కాని యంతయు బయటికి పోదు. చాలభాగము ఎముకలలో చేరి ఏండ్లతరబడి యుండి, మరల మెల్లగా రక్తమున కూరును. కావున నేటి అంకె ముఖ్యముగా ఈ మధ్యకాలపు స్పర్శను చెప్పును. నిరుడు తిన్న సీసమునంతయు లెక్కింపలేదు. ఒక్క పరీక్షతో కథ ముగియదనుటకు ఇదియే కారణము.

పరీక్షలలో నమ్మరానివియు గలవు. తల వెండ్రుకలను పంపిన పదునైదు లోహముల జాబితా వచ్చుననెడి ప్రకటనలు కొందరు చూచియుందురు. వెండ్రుకలకు ధూళియు, నూనెలును, సబ్బులును అంటుకొనును. ఏది లోపలినుండి వచ్చినదో, ఏది బయట అంటుకొన్నదో తేల్చుట కష్టము. అంతకంటె ప్రమాదకరమైనది మరియొకటి గలదు. లోహములను పట్టి బయటికి లాగు మందు ముందుగా మింగించి, అటుపిమ్మట మూత్రమును పరీక్షించుట. మందు మింగిన యెవరి మూత్రమందైనను లోహము అధికముగా కనబడును. దానిని మందు మింగనివారి పరిమితితో పోల్చి, విషమున్నదని చెప్పుట న్యాయము కాదు. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున అయిదేండ్ల బాలునకు ఇట్టి మందు ఎక్కింపగా, రక్తములోని కాల్షియము పడిపోయి ఆ బిడ్డ మరణించెను. కాల్షియముతో కూడిన మందునకు బదులు సోడియముతో కూడినదానిని వాడుట అందులకు కారణము. అక్కరలేని మందు అమృతమైనను విషమే యగును.

తక్కిన లోహములకును తమ తమ పద్ధతులు గలవు. పాషాణమును, అనగా ఆర్సెనిక్కును, మూత్రములో చూతురు. పరీక్షకు ముందు రెండు మూడు దినములు సముద్రపు చేపలు, రొయ్యలు మానవలెను. వానిలో సహజముగా నుండు, హాని చేయని యొక రూపము ఆ అంకెను పెంచివేయును. పాదరసమున చేపలద్వారా వచ్చు దానిని రక్తములోను, పగిలిన ఉష్ణమాపకము వంటివాని ఆవిరిని మూత్రములోను చూచుట వాడుక. ఏ లోహమునకు ఏ పరీక్షయో తెలియక అన్నియు చేయించుట ధనవ్యయము, మనోవ్యథ.

రక్తమున లోహము కనబడినంత మాత్రమున అదియే రోగకారణమని తలపరాదనుటకు మన ఏలూరు కథయే చాలును. 2020 డిసెంబరు 5 మొదలు ఆ పట్టణమున పిన్నలు పెద్దలు ఉన్నట్టుండి మూర్ఛిల్లి, నురుగులు గ్రక్కుచు పడిపోవసాగిరి. కొలది దినములలో ఆరువందలమందికి పైగా ఆస్పత్రుల పాలైరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కొందరి రక్తమున సీసమును, నికెలును ఉన్నట్లు చెప్పెను. ఆ మాట వినగానే నీళ్లను, పాలను, బ్యాటరీలను అందరును అనుమానించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూరగాయలలో పురుగుమందుల శేషములను కనుగొనెను. డిసెంబరు నడుమ ప్రభుత్వమునకు వచ్చిన అభిప్రాయములలో పురుగుమందులే ప్రధానకారణము కావచ్చునని తేలెను. సీసము సామాన్యముగా నెలలతరబడి మెల్లగా చేరి పని చేయును. ఒక్క రాత్రిలో ఊరిని పడగొట్టదు. అంకెను రోగలక్షణములతోను, కాలముతోను, ఇంటి వర్తనతోను కలిపి చదువవలెనని యా కథ నేర్పుచున్నది.

కావున అయిదవ ప్రశ్నయే ముఖ్యము: ఎక్కడనుండి వచ్చినది? మా అజీజ్‌నగరము హిమాయత్ సాగరము చెంతనున్నది. జలాశయముల రక్షణకై 1996లో వెలువడిన 111వ ఉత్తర్వు చుట్టుప్రక్కల పది కిలోమీటర్లమేర కాలుష్యము వెదజల్లు పరిశ్రమలను నిషేధించెను. రాజేంద్రనగరు వైపుననున్న కాటేదాను పారిశ్రామికవాడ మట్టిలో సీసము, క్రోమియము అధికముగా నున్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు 2008లో ప్రకటించిరి. అది అక్కడి మాట, మన ఊరికి పొగగొట్టములు లేవుగదా యని మేమనుకొనుచుంటిమి. సీసమునకు పొగగొట్టమే యక్కరలేదు. అది అంగీ మడతలలో గూడ ఇంటికి వచ్చును.

మా పొరుగింట జరిగినది అదియే. తండ్రి పగలెల్ల బ్యాటరీ పలకలు విప్పి, ఆ బట్టలతోనే యింటికి వచ్చి, పరుగెత్తి వచ్చిన బిడ్డను ఎత్తుకొనెడివాడు. ఆ బట్టలు బిడ్డ బట్టలతో కలిపి యుతికెడివారు. పొడిచీపురుతో ఊడ్చినప్పుడు లేచిన ధూళి నేలనాడు బిడ్డ చేతులకు, చేతులనుండి నోటికి చేరెను. ఏ పాపము నెరుగని ఆ తండ్రి యీ సంగతి విని చాలసేపు మాటాడలేదు. ఆ పని విడిచిన ఇల్లు గడవదు. దుకాణమున స్నానమునకు నీరైనను లేదు.

అందరి యింట మూలమొకటి కాదు. పాత తలుపుల రంగుపెచ్చులు ఒక దారి. 2017 నవంబరు 1 నుండి మన దేశమున ఇండ్ల రంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసముండరాదు గాని, అంతకుముందు వేసిన రంగు గోడలమీదనే యున్నది. కంటికి పెట్టు సురమాలో సీసపు గంధకము ఉండవచ్చును. మన దీపపు మసి కాటుక వేరు. కళాయిపూతలో తగరమునకు సీసము కలిపిన గిన్నెలో చింతపండు పులుసు కాచిన ఆ సీసము పులుసులోనికి దిగును. పసుపునకు మెరుగు రంగు వేయుటకు లెడ్ క్రోమేటు కలుపుట చట్టవిరుద్ధమైనను అక్కడక్కడ జరుగుచున్నది. మన రసశాస్త్రమున సీసమునకు నాగమని పేరు. సర్పమునకును అదియే పేరు. నాగభస్మమనగా సీసపు భస్మము. నాటుమందు ఏదియైనను బిడ్డకు పెట్టుచున్నచో దాచక వైద్యునకు చెప్పవలెను. నీటిలో సీసమున్నచో కాచినంత మాత్రమున పోదు. నీరు ఆవిరియైనకొలది మిగిలినదానిలో సీసపు పాలు హెచ్చును.

మూడు దినముల తరువాత ఆ యిల్లాలితో నేనును వైద్యునొద్దకు పోతిని. ఆయన మందు వ్రాయలేదు. నెత్తుటిలో ఇనుము తక్కువైన సీసము ఎక్కువగా నంటునని చెప్పి, ఆ పరీక్ష చేయించి, తక్కువయుండుటచే ఇనుపమందు ఇచ్చెను. ఖాళీ కడుపున సీసము మరింత గ్రహింపబడును గనుక వేళకు అన్నము, పాలు, రాగిజావ, ఆకుకూరలు, ఉసిరిక పెట్టుమనెను. తండ్రికిని, పాలుత్రాగు చెల్లెలికిని పరీక్ష వ్రాసెను. తండ్రికి డెసీలీటరునకు 28 ఉండెను. చెల్లెలికి 3కి లోపల.

నాటినుండి ఆతడు ఇంటివెనుక బావియొద్ద స్నానముచేసి, పనిబట్టలను బయటి మేకునకే తగిలించి, పిమ్మట లోనికి వచ్చుచున్నాడు. ఆ బట్టలు వేరుగా నుతుకుదురు. నేలను తడిబట్టతో తుడుతురు. భోజనమునకు ముందు బిడ్డ చేతులు సబ్బుతో కడుగుదురు. తండ్రి తొలినాళ్లలో బావియొద్దకు పోవుచుండగా కొడుకు ఎత్తుకొమ్మని యేడ్చెడివాడు. ఇప్పుడు ఒక చెంబు పట్టుకొని గట్టుమీద కూర్చుండి తండ్రి ముగించువరకు ఎదురుచూచును.

మూడు నెలలకు మరల పరీక్ష చేయించిరి. ఈమారు కాగితము నా చేతికి రాలేదు. ఆ యిల్లాలే కొలత యేదో చూచి, పదింట భాగించి, “నాలుగూ ఒకటి, అక్కా. తగ్గింది గాని గీత దిగలె” అని చెప్పెను. ఇంకొక మూడు నెలలకు మరల చూడవలెనని వైద్యుడు చెప్పియున్నాడు. ఆ తేదీని ఆమె వంటింటి గోడమీద బొగ్గుతో వ్రాసికొన్నది.