భుజం మీది మచ్చ

అది 2017 ఆగస్టు నెల. తట్టు, రుబెల్లా టీకా ఈసారి బడిలోనే వేస్తారని కబురు వచ్చింది. తొమ్మిది నెలల బిడ్డ మొదలుకొని పదిహేను ఏండ్లలోపు పిల్లలందరికీ వేయాలి. అదే సంవత్సరము ఫిబ్రవరిలో తమిళనాడు, కర్ణాటకలలో ఈ పని మొదలైంది. ఆ రెండు రాష్ట్రాలూ మన చిత్తూరు జిల్లాకు పొరుగువే గదా! టీకా కంటె ముందుగా సెల్‌ఫోన్లలో పుకార్లు వచ్చి చేరాయి. సూది వేస్తే పిల్లలు పుట్టరని కొందరు, బిడ్డలు పడిపోతున్నారని కొందరు.

నేను అప్పుడు ఎనిమిదవ తరగతికి జీవశాస్త్రము చెప్పేవాడను. ఒక అవ్వ బడి గేటు దగ్గర నన్ను ఆపి, "ఐవారా, మా పిలకాయికి ఆ సూది వద్దు సామీ" అన్నది. ఆమెను కసురుకోవడం సులువు. కాని నా తరగతిలోని నలభై మందికే వైరస్ అంటే ఏమిటో నేను సరిగా చెప్పలేదు. పుస్తకంలో ఉన్న నాలుగు వాక్యాలు చదివించి వదిలేశాను. అలాంటప్పుడు ఆ అవ్వను ఏమని తప్పుపట్టేది?

మరునాడు పుస్తకము తెరువలేదు. "మీ ఇండ్లలో కొక్కెర తెగులు చూసినవారు ఎవరు?" అని అడిగాను. అన్ని చేతులూ లేచాయి. కోడి మెడ తిరిగిపోవడం, పచ్చగా రెట్ట వేయడం, రెండు రోజుల్లో గూడు ఖాళీ కావడం వాళ్లే చెప్పారు. అదీ వైరస్ పనే. కోడిపిల్లకు మొదటి వారంలోనే కంట్లోనో ముక్కులోనో చుక్క వేయించిన ఇండ్లలో కోళ్లు నిలిచిన సంగతి కూడా వాళ్లకు తెలుసు. తెగులు వచ్చాక వేస్తే ఎందుకు పని చేయదని అడిగితే మాత్రం ఎవరూ పలుకలేదు.

అందుకు మామిడి తోపు కావలివాని కథ చెప్పాను. దొంగ మొదటిసారి వచ్చినప్పుడు కావలివాడు గుర్తుపట్టలేడు. పట్టుకునేలోగా సగము కాయలు పోతాయి. కాని మొహము గుర్తుంటుంది. రెండవసారి గట్టు ఎక్కకముందే కుక్కలు మొరుగుతాయి. మన రక్తములోని తెల్లకణాలు చేసేది ఇదే. కొత్త వైరస్‌కు తగిన ప్రతిరక్షకాలను తయారు చేయడానికి వాటికి వారము పది రోజులు పడుతుంది. పని అయ్యాక కొన్ని కణాలు ఆ జ్ఞాపకముతో మిగిలి ఉంటాయి. టీకా అంటే దొంగను చేతులు కట్టి ముందే కావలివానికి చూపించడము. సూది వేసిన తరువాత ఒకటి రెండు రోజులు జ్వరము వస్తే, చాలావరకు అది తెల్లకణాలు పనిలోకి దిగిన గుర్తే.

"కట్లు తెంచుకుంటే?" అని ఒక పాప అడిగింది. మంచి ప్రశ్న. తట్టు టీకాలో బలహీనపరచిన వైరస్ ఉంటుంది. ఆరోగ్యముగల పిల్లలకు అది హాని చేయలేదు. వ్యాధినిరోధక శక్తి బాగా తగ్గినవారికి, గర్భిణీలకు ఆ టీకా వేయరు. పిచ్చికుక్క కాటుకు వేసే టీకాలోనైతే చంపిన వైరస్ ఉంటుంది. ఆ వైరస్ నరాల వెంబడి మెల్లగా మెదడుకు పోతుంది గనుక, కరిచిన తరువాత వేసినా టీకాకు సమయము దొరుకుతుంది. గాయమును పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి. నాటుమందు కోసము రెండు రోజులు తిరిగితే ఆ సమయమే పోతుంది.

అప్పుడు వెనుక బెంచీలోని అబ్బాయి లేచి తన ఎడమ భుజము చూపించాడు. "సార్, ఈ మచ్చ మా మామకు కూడా ఉంది. అయినా టీబీ వచ్చిందే?"

తరగతి నిశ్శబ్దమైపోయింది. టీకా మీద నేను కట్టిన మాటలన్నీ ఆ పిల్లవాడు ఒక్క దెబ్బకు కదిలించాడు. నిజము చెప్పక తప్పలేదు. ఆ నిజములో కొంత మన ప్రాంతములోనే తేలింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో మిషనరీ సంఘాలు కలిసి 1915లో క్షయ ఆసుపత్రి స్థాపించాయి. దాని మొదటి పెద్ద డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. 1948లో మన దేశములో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుండి చుట్టుపక్కల పల్లెల్లో వేలాదిమందిని టీకా వేసినవారు, వేయనివారు అని రెండు భాగాలుగా చేసి, ఏండ్ల తరబడి వెంబడించి చూశారు. రక్షణ కొంతే కనబడింది. 1968లో చెంగల్పట్టులో మొదలైన ఇంకా పెద్ద పరిశీలనలో పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలింది. అయినా పుట్టిన బిడ్డకు ఎందుకు వేస్తున్నారు? పసిపిల్లల మెదడు పొరలకు, ఒళ్లంతా పాకే ప్రాణాంతకమైన క్షయ నుండి అది కాపాడుతుంది గనుక. పైగా క్షయ వైరస్ కాదు, బ్యాక్టీరియా. దానికి మందులున్నాయి. వాళ్ల మామ ఆరు నెలలు మాత్రలు మింగి బాగుపడ్డాడని ఆ అబ్బాయే చెప్పాడు.

తట్టు టీకా సంగతి వేరు. రెండు మోతాదులు పడితే నూటికి తొంభై ఏడు మందికి రక్షణ ఉంటుంది. ఆ రోజు నాకు తెలియని సంగతి ఒకటి 2019లో వెలువడిన పరిశోధనల్లో బయటపడింది. తట్టు వచ్చిపోయిన బిడ్డలో పాత రోగాల జ్ఞాపకాలు కూడా కొంతవరకు చెరిగిపోతాయట. "తట్టు పోసినాక బిడ్డ కోలుకోనేలేదు" అని మన అవ్వలు చెప్పుకునేది వట్టి మాట కాదన్నమాట. రుబెల్లా అయితే గర్భిణీకి సోకినప్పుడు కడుపులోని బిడ్డ కంటిని, చెవిని, గుండెను చెరుపుతుంది. ఈ మాట ఆడపిల్లలు ఇండ్లకు మోసుకొనిపోయారు. నా కంటె వాళ్లే బాగా చెప్పి ఉంటారు.

టీకా రోజున గేటు దగ్గరి అవ్వ మనవణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. వరుసలో నిలబెట్టి, నర్సమ్మ సూది తీసేంతవరకు వాడి చేయి వదల్లేదు. తరువాత నా దగ్గరికి వచ్చి తన రవికె చేయి పైకి జరిపింది. ముడతల మధ్య రెండు గుండ్రటి మచ్చలు. మశూచి టీకావి. మన దేశములో ఆ రోగము 1975తో ఆగిపోయింది. ఆ టీకా ఆపిన తరువాత పుట్టినవారి చేతులకు ఆ మచ్చలు లేవు.

"ఇది ఏసే దినం నేను చెరుకు తోటలో దాంకుంటి సామీ" అన్నది నవ్వుతూ. "మా నాయన ఎతికి పట్టుకొచ్చి ఏపిచ్చినాడు."