తేలే బ్రిడ్జికి ఒక చెక్కముక్క

తేలే బ్రిడ్జి ఉన్న ఎలక్ట్రిక్ గిటార్‌లో ఒక్క తీగ తెగినా మిగతా అయిదూ శ్రుతి తప్పుతాయి. ఇది తయారీలో లోపం కాదని నా దగ్గరికి రిపేరుకు గిటార్ తెచ్చే ప్రతి కుర్రాడికీ ముందుగా చెబుతాను. ఆ బ్రిడ్జి తక్కెడ లాంటిది: తీగలు ఒకవైపు లాగుతాయి, వెనక గుంటలోని స్ప్రింగులు అంతే బలంతో ఎదురు లాగుతాయి. తీగ తెగితే స్ప్రింగులదే పైచేయి, మిగిలిన తీగలు బిగిసి శ్రుతి పెరుగుతుంది.

దీనికి విరుగుడు బ్రిడ్జి కదలికను ఆపడమే. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ తన స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో చెక్కముక్క దూర్చి బ్రిడ్జిని పూర్తిగా కదలకుండా చేయించుకున్నారు. నాకైతే బ్రిడ్జికి తగిలించిన కడ్డీతో స్వరాన్ని ఊపే వీలు అలా పోగొట్టుకోవడం ఇష్టం ఉండదు. అందుకే సగమే ఆపుతాను. శ్రుతి సరిచేసి, బ్రిడ్జి సమంగా ఉన్నప్పుడు వెనక మూత తీసి, బ్రిడ్జి కింది లోహపు దిమ్మెకూ మెడ వైపున్న చెక్క గోడకూ మధ్య సందు కొలుస్తాను. సరిగ్గా అంతే మందాన గట్టి చెక్కను సానపట్టి అక్కడ కూర్చోబెడతాను. తరవాత స్ప్రింగులను పట్టుకున్న రెండు స్క్రూలనూ కొంచెం బిగిస్తాను. ఇక కడ్డీ నొక్కితే శ్రుతి దిగుతుంది, వదిలితే దిమ్మె చెక్కకు ఆనుకొని స్వస్థానానికి వస్తుంది. కడ్డీ పైకి లాగి శ్రుతి పెంచడం మాత్రం కుదరదు.

చెక్కను జిగురుతో అంటించకండి. రేపు మనసు మారితే తీసేయవచ్చు.