నావికుడు బోధకుడైన విధము

జర్మనీ దేశమందలి లిప్‌ష్టాట్ పట్టణమున 1892వ సంవత్సరము జనవరి 14వ తేదీని ఒక లూథరను బోధకుని యింట మార్టిన్ నీమొల్లర్ జన్మించెను. 1910లో నౌకాదళమున జేరి, మొదటి ప్రపంచ యుద్ధకాలమున జలాంతర్గాములలో పనిచేసి, 1918లో యు.సి. 67 అను దానికి నాయకుడై, శౌర్యపతకమును బడసెను.

జర్మనీ యోడిపోయిన పిమ్మట 1919లో ఆ యుద్యోగమును విడిచి, దైవశాస్త్రము నభ్యసించి, 1924లో బోధకుడుగా నభిషేకము పొందెను. 1931లో బెర్లిన్ నగరమందలి డాలెమ్ సంఘమునకు కాపరిగా వచ్చెను.

హిట్లరు అధికారమునకు వచ్చుటను ఈతడు మొదట హర్షించెను. ఈ సంగతి దాచదగినది కాదు. కాని యూదవంశజులైన క్రైస్తవులను సంఘసేవనుండి తొలగింప బూనగా, 1933లో తోడి బోధకులను సమకూర్చి యెదిరించెను. తుదకు 1937 జూలై 1వ తేదీని బంధింపబడి, 1938 మొదలు 1945 వరకు నిర్బంధ శిబిరములలో నుండెను. 1939లో యుద్ధము రాగా, తిరిగి నౌకాదళమున పనిచేయుదునని శిబిరమునుండియే వ్రాసెను. అది యంగీకరింపబడలేదు.

విడుదలయైన పిదప 1945 అక్టోబరులో స్టుట్‌గార్ట్ నగరమున సంఘపెద్దలతో గూడి, తమ దేశము చేసిన కీడులో తమకును పాలుగలదని బహిరంగముగా నొప్పుకొనెను. ఇతరులు చెఱపట్టబడినపుడు తాను మౌనముగా నుంటినని పలుమారు చెప్పెను. 1954లో హైడ్రోజను బాంబు వలని వినాశమును శాస్త్రజ్ఞుల నుండి యెఱిగి, అది మొదలు యుద్ధమును పూర్తిగా నిరసించి, శాంతికొరకు పాటుపడి, 1984లో దివంగతుడయ్యెను.

విద్యార్థులారా! సముద్రగర్భమున శత్రువు నెదుర్కొనుటకు ధైర్యము కావలెను. తాను తప్పితినని నలుగురియెదుట నొప్పుకొని, త్రోవ మార్చుకొనుటకు అంతకంటె నెక్కువ ధైర్యము కావలెను.