స్పందించని ఎన్.ఎఫ్.ఎస్. : నిరీక్షణలోని తర్కం

సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో రూపొందించిన నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, అనగా ఎన్.ఎఫ్.ఎస్., దూరపు సర్వర్‌లోని ఫైళ్లను సొంత కంప్యూటర్‌లోని ఫైళ్లవలెనే చూపుతుంది. సర్వర్ మూగబోయినప్పుడు ఈ సౌలభ్యమే చిక్కు తెస్తుంది. లినక్స్‌లో డిస్కు ఖాళీని తెలిపే ‘డీఎఫ్’ ఆదేశం సైతం నిలిచిపోతుంది. మౌంటయిన ప్రతి ఫైల్ సిస్టమ్‌నూ అది విచారించడమే ఇందుకు కారణం. ‘ఎల్’ ఐచ్ఛికం చేర్చితే అది స్థానిక డిస్కులకు పరిమితమవుతుంది.

ఈ స్తంభన నిజానికి లోపం కాదు. ‘హార్డ్’ పద్ధతిలో మౌంట్ చేసినప్పుడు జవాబు వచ్చేవరకు కెర్నల్ తన అభ్యర్థనను మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. వేచి ఉన్న ప్రోగ్రామ్ ‘పీఎస్’ జాబితాలో ‘డి’ స్థితిలో కనిపిస్తుంది. 2.6.25 కెర్నల్ నుండి దానిని సిగ్‌కిల్ సంకేతంతో ముగించవచ్చు. పాత పుస్తకాలు సూచించే ‘ఇంటర్’ ఐచ్ఛికానికి అప్పటినుండి ప్రయోజనం లేదు.

విసుగుతో చాలామంది ‘సాఫ్ట్’ పద్ధతికి మారుతుంటారు. అందులో నిర్ణీత ప్రయత్నాల తర్వాత కెర్నల్ దోషసంకేతం ఇచ్చి విరమిస్తుంది. ప్రోగ్రామ్ దానిని గమనించకపోతే, భద్రమైనదని భావించిన దత్తాంశం సర్వర్‌కు చేరనే చేరదు. ఏళ్ల తరబడి సేకరించిన కొలతలు ఉన్నచోట ఈ పద్ధతి తగదు.

కనుక ముందుగా పరీక్షించవలసినది సర్వర్‌నే. ‘డీమెసేజ్’ సందేశాలలో స్పందన లేదన్న ఫిర్యాదు ఉన్నదా, 2049 పోర్టు తెరిచి ఉన్నదా అని చూడాలి. అదే సర్వర్ తిరిగి పనిచేస్తే ఆగిన ప్రోగ్రాములు సాధారణంగా వాటంతటవే కొనసాగుతాయి. ‘యూమౌంట్’కు ‘ఎల్’ చేర్చడం చివరి మార్గం; అది మౌంటును డైరెక్టరీ వృక్షం నుండి తొలగిస్తుందే గాని, అప్పటికే చిక్కుకున్న ప్రోగ్రాములను విడిపించదు.