పంకజ నగరము

1860 ఏప్రిల్ మాసమున చికాగో నగరపు లేక్ వీథిలో ఒక వింత జరిగెను. వరుసగా నిలిచిన ఇటుక మేడలు, ఈ మూల నుండి ఆ మూల దాక 320 అడుగుల పొడవున, అంగళ్లతోను, అంగళ్లలోని సరుకుతోను, బేరమాడుచున్న గిరాకులతోను గూడ నేల విడిచి మెల్లమెల్లగా పైకి లేచినవి. పునాదుల క్రింద 6,000 మర జాకీలు అమర్చి, మనిషికి పదేసి చొప్పున 600 మంది కూలీలను నిలిపి, సంకేతము అందినప్పుడెల్ల అందరును ఒక్కసారిగా మర త్రిప్పునట్లు ఏర్పాటు చేసిరి. ఐదు దినములు గడచునప్పటికి ఆ మేడల వరుస నాలుగున్నర అడుగులకు పైగా ఎత్తు పెరిగెను. లోపల వ్యాపారము మాత్రము ఆగలేదు. మరుసటి సంవత్సరము ట్రెమాంట్ హోటలును బసచేసినవారితో సహా ఇట్లే ఎత్తిరి. వాకిట మెట్లు దినదినమునకు నిటారగుచున్న కారణమేమో అంతుపట్టక అందు బసచేసిన ఒకడు బుర్ర గోకికొన్నాడని అక్కడివారు నేటికిని నవ్వుచు చెప్పుకొందురు.

ఇంత శ్రమ ఎందులకు పడవలసి వచ్చెనో తెలియుటకు ఆ నేల స్వభావము తెలియవలెను. మిషిగన్ సరస్సు ఒడ్డున, సరస్సు మట్టముకంటె కొద్ది అడుగులు మాత్రమే ఎత్తున్న చిత్తడినేల యది. అచ్చట విరివిగా మొలచెడి ఘాటైన అడవి ఉల్లిని బట్టి ఆదివాసులు పెట్టిన పేరే వలసవచ్చినవారి నోట చికాగో అయినది. 1837లో నగరముగా గుర్తింపు పొందినపుడు జనము నాలుగు వేలు. వాన కురిసినచో బండ్లు ఇరుసు దాక దిగబడెడివి. మురుగు పారుటకు వాలు లేదు. 1854లో కలరా వచ్చి ఊరిని ఊడ్చిపెట్టెను. అప్పుడు చెస్‌బ్రో అను ఇంజినీరు, నేలలో కాలువ త్రవ్వుటకు వీలులేనిచో కాలువను నేలపైననే వేసి దానిపై మన్ను పోసి నేలనే ఎత్తుదమని ఉపాయము చెప్పెను. వీథులు లేచినవి, వీథులతోబాటు ఇండ్లను లేపక తప్పలేదు.

బురదలో పుట్టునవి ఎన్నియున్నను పంకజమను పేరు తామర యొక్కదానికే చెల్లినదని, యోగరూఢికి ఉదాహరణముగా మన పండితులు పిల్లలకు చెప్పుదురు. నగరములలో ఆ పేరునకు తగినది ఏదియని నన్నడిగినచో నేను చికాగోను చూపుదును. ఆ ఊరి చరిత్రయంతయు ఎత్తుటయే: నేలను ఎత్తిరి, ధాన్యమును ఎత్తిరి, ఉక్కును ఎత్తిరి. ఎవరిని ఎత్తక క్రిందనే యుంచిరన్నది కూడ ఆ చరిత్రలో భాగమే. దానిని తరువాత చెప్పెదను.

ధాన్యపు కథ అన్నిటికంటె రుచిగలది. 1848 ఒక్క సంవత్సరముననే, సరస్సును మిసిసిపీ నదీమార్గముతో కలుపు 96 మైళ్ల కాలువ తెరువబడెను, తొలి రైలు నడిచెను, తంతివార్త చేరెను, వర్తకులు గూడి బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అను సంస్థను నెలకొల్పిరి. అంతకు పూర్వము రైతు గోధుమ గోనెసంచులలో ప్రయాణము చేసెడిది. ఏ సంచి ఎవరిదో కొనువానికి చేరువరకును తెలియుచుండెడిది. గుంటూరు మిర్చియార్డులో నేటికిని బస్తా విప్పి, కాయ విరిచి, రంగును ఘాటును చూచి ధర పలుకు పద్ధతిని చూచినవారికి ఇది వివరింపనక్కరలేదు. చికాగోలో ఆవిరియంత్రముతో ధాన్యమును చేదుకొని ఆకాశమంత గాదెలలో పోయు కట్టడములు వెలసినవి. వాటిని ఎలివేటరు అనిరి. అమెరికాలో ఆ పేరు మనుష్యులను మోయు లిఫ్టుకును, గింజలను మోయు గాదెకును ఉమ్మడిగా చెల్లుచున్నది. రామయ్య గోధుమయు భీమయ్య గోధుమయు ఒక్క గాదెలో పడిన పిమ్మట ఏది ఎవరిదో చెప్పుట అసాధ్యము గనుక, 1856 నుండి బోర్డువారు గోధుమకు తరగతులు ఏర్పరచిరి. రైతు చేతికి తన గింజలకు మారుగా ఫలానా తరగతి గోధుమ ఇంత అను రసీదు వచ్చెను. గింజ కాగితమైనది. కాగితము చేతులు మారుటకు బండి అక్కరలేదు, గిడ్డంగి అక్కరలేదు, తుదకు పంటయు అక్కరలేదు! 1865 నాటికి, ఇంకను మొలకెత్తని గోధుమను అమ్మువాడును, దానిని కన్నులతో చూడకయే కొనువాడును కూడియాడు వాయిదా వ్యాపారమునకు నియమములు ఏర్పడినవి. నిజామాబాదు పసుపుపై నేడు సాగు వాయిదా బేరములకు ముత్తాత ఆ ఊరనే పుట్టినది.

మెట్లుమెట్లుగా దిగిన ఎనిమిది పలకల గుంటలలో నిలిచి, అరచేయి తనవైపు త్రిప్పిన కొనుట, అవతలికి త్రిప్పిన అమ్ముట అను సంజ్ఞలతో గొంతులు చించుకొనుచు దళారులు ప్రపంచపు తిండిగింజల ధరను నిర్ణయించుచుండిరి. 2007లో ఈ బోర్డు, వెన్న గ్రుడ్ల బజారుగా పుట్టి పెద్దదైన మరియొక చికాగో వాయిదా బజారులో కలిసిపోయెను. 2015లో ఆ గుంటలలో అధికభాగము మూతబడినవి. అరపులు కంప్యూటరు మీటలలో అణగిపోయినవి. 1930లో కట్టిన బోర్డు భవనపు శిఖరముపై రోమకుల ధాన్యదేవతయైన సెరీస్ విగ్రహమున్నది. ఒక చేత గోధుమ పన, మరియొక చేత గింజల సంచి. మన ధాన్యలక్ష్మికి చెల్లెలనదగిన ఆ తల్లికి ముఖము లేదు. అంత ఎత్తునకు వచ్చి చూచువారెవ్వరను తలంపుతో శిల్పి కన్నుముక్కులు చెక్కలేదట. ఇప్పుడు చుట్టును అంతకు మించిన మేడలు లేచినవి. ముఖములేని లక్ష్మిని గుమాస్తాలు కిటికీలలో నుండి దినమంతయు చూచుచున్నారు. గోనెసంచి మీది రైతు పేరును చెరిపిన బజారుపై ముఖములేని దేవత నిలుచుట శిల్పి ఎరుగక పలికిన సత్యమని నాకు తోచినది.

ధాన్యము వలెనే మాంసము. 1865లో తెరచిన యూనియన్ స్టాక్‌యార్డ్స్ పశువుల దొడ్లు, మంచుపెట్టెల రైలుబండ్ల సాయమున, దేశమంతటికిని మాంసము పంపినవి. 1906లో అప్టన్ సింక్లేర్ వ్రాసిన నవల ఆ కబేళాల అశుచిని బయటపెట్టగా అదే సంవత్సరము ఆహారశుద్ధి చట్టములు వచ్చినవి. 1971లో దొడ్లు మూతబడెను. నగరపు దక్షిణపు కొసనున్న ఉక్కు కర్మాగారము 1992లో చల్లారెను. ఐనను ఊరు చల్లారలేదు. అమెరికా రైలు సరుకులో దాదాపు నాలుగవ వంతు నేటికిని ఈ కూడలి మీదుగానే పోవుచున్నది.

ఈ శ్రమనగరము మన ఊళ్లకు పంపిన కానుక యొకటి కలదు. ఎనిమిది గంటల పనిదినము కోరి 1886 మే 1న పనివారు సమ్మె చేసిరి. నాలుగవనాడు హేమార్కెట్ కూడలిలో సభ ముగియుచుండగా ఎవరో బాంబు విసరిరి. విసరినవాడెవడో తేలకయే నలుగురు నాయకులను మరుసటి సంవత్సరము ఉరితీసిరి. విజయవాడలోను సింగరేణిలోను ఎర్రజెండా ఎగురు మే డే అక్కడ పుట్టినదే. కాని అమెరికావారు తమ కార్మికదినమును సెప్టెంబరులో జరుపుకొందురు! బిడ్డ మన ఇంట పెరిగినది, కన్నతల్లి మాత్రము పురుటినాడు మరచినది.

ఇక మేడలు. 1871 అక్టోబరు 8, ఆదివారపు రాత్రి అంటుకొన్న అగ్ని మూడు దినములు మండి, మూడువందల మందిని పొట్టనబెట్టుకొని, లక్షమందిని నిరాశ్రయులను గావించెను. ఓలియరీ అను పాలమ్ముకొను ఇల్లాలి ఆవు దీపమును తన్నుటవలన నిప్పు రేగెనని పుకారు పుట్టగా, ఆ నిందను నగరసభవారు 1997లో గాని మాపలేదు; పేదరాలిపై పడిన మచ్చ పోవుటకు నూటయిరువదియారేండ్లు పట్టినది. కాలిన ఊరి నేల వెలపెరిగెను. అడ్డముగా పెరుగుటకు చోటులేక శిల్పులు నిలువుగా పెరిగిరి. 1885లో విలియం లె బారన్ జెన్నీ పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనమును గోడలపై గాక లోహపు చట్రముపై నిలిపెను. గోడ బరువు మోయనక్కరలేదన్న పిమ్మట అది తెరయైనది, తెర అద్దమైనది. ఆకాశహర్మ్యములకు ఇదియే ఆదియా కాదా యన్నది వాదులకు విడిచిపెట్టుదము.

నగరమున మిగుల ఎత్తైన గోపురమును నిలబెట్టినవాడు మన ఉపఖండపు వాడు. 1929లో ఢాకాలో జన్మించి, 1952లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు చదువుకై వచ్చిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్, ఎత్తైన కట్టడమునకు శత్రువు బరువుకంటె గాలియే యని గ్రహించెను. ఒక్క చీపురుపుల్ల ఊదిన వంగును. కట్టగా కట్టినచో వంగదు. తొమ్మిది చదరపు గొట్టములను ఒక కట్టగా బిగించి, రెండింటిని 50వ అంతస్తున, రెండింటిని 66వదాన, మూడింటిని 90వదాన ఆపి, తక్కిన రెండింటిని 110 అంతస్తుల దాక ఎక్కించెను. 1974లో పూర్తియైన ఆ సియర్స్ టవరు (2009 నుండి విల్లిస్ టవరు) ఎత్తు 442 మీటర్లు. ఇరువదియేండ్లకు పైగా జగత్తున దానిని మించినది లేదు. గోపురము క్రింది వీథిమూలకు ఖాన్ పేరు పెట్టినారు. ఆ పేరు పలక క్రింద నిలిచి తలయెత్తి చూచిన నాకు మెడ పట్టినది.

ఎత్తుటతో తృప్తిపడక, సరస్సులోనికి మురుగు మోయు చికాగో నదిని 1900లో 28 మైళ్ల కాలువ త్రవ్వి వెనుకకు మళ్లించిరి. మీ మురుగు మా త్రాగునీటిలో కలియుచున్నదని దిగువనున్న మిస్సోరీ రాష్ట్రము సుప్రీంకోర్టుకెక్కి 1906లో ఓడిపోయెను. కృష్ణాజలముల తగవులలో తలపండిన మనకు ఈ కథ కొత్తగాదు.

నదిని త్రిప్పగలిగిన వారు మనసు త్రిప్పుకొనలేకపోయిరి. 1910లో నలుబదినాలుగు వేలున్న నల్లజాతివారు, దక్షిణపు పత్తిచేలనుండి ఇల్లినాయి సెంట్రల్ రైలెక్కి తరలివచ్చి, 1970 నాటికి పదిలక్షలు మించిరి. వారు నివసింపదగిన పేట ఇది, అడుగిడరాని వీథి అది యని ఇంటి దస్తావేజులలోనే వ్రాసికొనిరి. ఊరికి వెలిగా వాడ యేల యుండునో తెలుగువానికి వేరుగా చెప్పవలెనా? 1919 జూలైలో సరస్సులో ఈదుచున్న పదునేడేండ్ల నల్లజాతి బాలుడు తెప్పపై తేలియాడుచు, నీటిపై ఎవరును గీయని, ఎల్లరును ఎరిగిన గీతను దాటెను. ఒడ్డునుండి రాళ్లు రువ్వగా మునిగి మరణించెను. తరువాతి అల్లరులలో 38 మంది ప్రాణములు పోయినవి. 1966లో ఇళ్ల హక్కుకై ఊరేగింపు జరిపిన మార్టిన్ లూథర్ కింగుకు ఇదే నగరమున తలపై రాయి తగిలినది.

ఆ క్రిందివారు తమ్ము తామే ఎత్తుకొన్న సాధనము పాట. మిసిసిపీ పత్తితోటలో పెరిగిన ఒక బాలుడు చిన్ననాడు బురదగుంటలో ఆడుకొనుచుండగా అవ్వ ముద్దుగా మడ్డీ అని పిలిచెను; వాటర్స్ అన్నది పిమ్మట చేరినది. మడ్డీ వాటర్స్ అనగా బురదనీళ్లని అర్థము. 1943లో అతడు చికాగో చేరెను. పల్లెలో వరండాలో కూర్చుండి వాయించిన గిటారు, త్రాగుబోతుల కేకలతో నిండిన పట్టణపు హోటళ్లలో వినబడలేదు. అందుచేత దానికి విద్యుత్తు తగిలించెను. పిమ్మట పశ్చిమపు రాక్ సంగీతమంతయు ఆ తీగెలకు అప్పుపడినది. బురదనీళ్లు బురదనేలను చేరి పాడిన పాటకంటె ఆ ఊరికి తగిన జాతీయగీతము లేదు.

మనవారి సంగతి కొంచెము. 1893 ఫిబ్రవరిలో సికిందరాబాదు మహబూబ్ కళాశాలలో తన పశ్చిమయాత్రను గూర్చి ప్రసంగించిన వివేకానందుడు, సెప్టెంబరు 11న చికాగోలో సర్వమత సభయందు మాటాడెను. ఆ భవనమే నేటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. చికాగో విశ్వవిద్యాలయమున ముప్పదియేండ్లు బోధించిన ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లతో గూడి క్షేత్రయ్య పదములను ఇంగ్లీషు చేసెను. ఆ గ్రంథము ఆయన మరణించిన మరుసటి యేడు, 1994లో వెలువడినది. మువ్వగోపాలుని విరహము మంచుకురియు మిషిగన్ ఒడ్డును చేరినదని తలచిన ముచ్చటగా నుండును. ఇప్పటి తెలుగువారు మాత్రము చికాగోలో ఉన్నామందురే గాని, ఉండుట ముప్పది మైళ్ల అవతల నేపర్‌విల్, అరోరాలలో. అరోరా బాలాజీ గుడి, కిరాణాకొట్టు, పిల్లల కూచిపూడి తరగతి, ఇవియే వారి పట్టణము. నేను బసచేసిన మా అమ్మాయి యింటి వీథిలో, ఆరునెలల వీసాపై వచ్చిన ఒక పెద్దావిడ పట్టుచీరపై స్వెట్టరు, కాళ్లకు క్యాన్వాసు బూట్లతో సాయంకాలము నడచుచు, “ఊరంతా ఎప్పుడు చూపిస్తారో, మా వాడికి తీరికే ఉండదు బాబూ” అని నాతో వాపోయినది. నేను రైలెక్కి ఒంటరిగా పోతిని.

అట్లు తిరుగుచు తిరుగుచు జాక్సన్ వీథిలోని మొనాడ్‌నాక్ భవనము చేరితిని. దీని ఉత్తరపు సగము 1891 నాటిది; పదునారు అంతస్తులను బయటి ఇటుకగోడలే మోయుచున్నవి; అందుకై నేలమట్టమున గోడ మందము ఆరడుగులు. రెండేండ్లకే కట్టిన దక్షిణపు సగము ఉక్కుచట్రముపై నిలిచినది. గోడయుగమును చట్రయుగమును ఒక్క కప్పు క్రింద కాపురమున్నవి. కిటికీ గూటిలో చేయి భుజము దాక చాచినను గోడ అవతలి యంచు అందలేదు. ఈ బరువునకు మేడ ఎనిమిది అంగుళములు దిగునని కట్టినవారు ముందే లెక్కవేసిరి. 1940 నాటికి ఇరువది అంగుళములు దిగినది. వీథినుండి లోనికి పోవునప్పుడు ఎక్కుటకు అలవాటుపడిన కాలు ఒక మెట్టు క్రిందికి పడినది. తూలి, ద్వారబంధము పట్టుకొని నిలదొక్కుకొంటిని. లోపలినుండి ఒక గుమాస్తా నన్ను చూచి చిరునవ్వు నవ్వెను. వచ్చినవారందరును అక్కడ తూలుదురు కాబోలు.