పన్ను కట్టం.. ఊరే వదిలేస్తాం! చీరాల-పేరాల జనం 11 నెలలు పాకల్లో ఎందుకున్నారు?

పన్నులు పెరిగాయని తిట్టుకోవడం మామూలే. అద్దెలు భరించలేక ఇల్లు మారడమూ మామూలే. కానీ పన్ను పెంచారని ఒక ఊరు ఊరంతా ఇళ్లకు తాళాలేసి, పిల్లాపాపలతో బయటికి వెళ్లిపోతే? అది కూడా మండు వేసవిలో!

ఇది కథ కాదు. వందేళ్ల క్రితం మన చీరాలలో జరిగింది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో, మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉన్న చీరాల అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేది. అసలు అక్కడ ఏం జరిగింది? జనం ఎందుకు ఊరు వదిలారు? చివరికి గెలిచిందెవరు?

గొడవ ఎక్కడ మొదలైంది?

చీరాల, పేరాల.. పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లు. చేనేత కుటుంబాలు, చిన్న రైతులు, కూలీలు ఎక్కువ. చుట్టుపక్కల పేటలతో కలిపి అప్పటిదాకా ఒక 'యూనియన్'గా ఉండేవి. అంటే పంచాయతీ లాంటి చిన్న వ్యవస్థ. పన్నులూ దానికి తగ్గట్టే ఉండేవి.

1919లో మద్రాసు ప్రభుత్వం ఈ ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేసింది. పారిశుధ్యం, ఆరోగ్యం మెరుగుపడాలంటే మున్సిపాలిటీ కావాలన్నది సర్కారు మాట. మా ఊరికి అంత ఖర్చు అక్కర్లేదు, అంత పన్ను మేం కట్టుకోలేం అన్నది జనం మాట.

లెక్క చూస్తే విషయం అర్థమవుతుంది

యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి వసూలయ్యే పన్ను సుమారు 4 వేల రూపాయలు. మున్సిపాలిటీ అయ్యాక అది దాదాపు 40 వేలకు చేరిందని చరిత్రకారులు రాశారు. అంటే పది రెట్లు!

అప్పటి జనాభా సుమారు 15 వేలు. తలసరి చూస్తే నాలుగణాలు ఉన్న భారం రెండున్నర రూపాయలు దాటింది. ఐదుగురున్న ఇంటికి రూపాయి మీద ఐదణాలు కాస్తా 13 రూపాయలకు పైగా అయింది. మగ్గం మీద బతికే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. ఆదాయం మాత్రం పది రెట్లు కాదు కదా, రెండు రెట్లు కూడా పెరగలేదు.

జనం అర్జీలు పెట్టుకున్నారు. సభలు పెట్టారు. మున్సిపాలిటీ రద్దు చేయండని అడిగారు. ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామా చేశారు. అయినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. జీతమిచ్చి ఛైర్మన్‌ను పెట్టి పాలన నడిపించింది. పన్ను కట్టని కొందరిని జైలుకు పంపింది. వాళ్లలో ఒక మహిళ కూడా ఉన్నారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. పన్ను పెరగడం ఒక బాధ. 'మాకు వద్దు' అని ఊరంతా చెప్పినా వినేవాళ్లు లేకపోవడం రెండో బాధ. ఊరు కదిలింది ఈ రెండోదాని వల్లే.

గాంధీ ఏం చెప్పారు?

ఈ ఉద్యమానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. జనం 'ఆంధ్రరత్న' అని పిలుచుకున్న మనిషి. ఎడిన్‌బరోలో చదువుకుని వచ్చారు. మాటకారి, పాటగాడు. 'రామదండు' పేరుతో వాలంటీర్ల దళాన్ని తయారు చేశారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. ఆ తర్వాత గాంధీ చీరాల వచ్చారు. అప్పుడు ఆయన రెండు దారులు చూపించారు. ఒకటి, పన్ను కట్టకుండా అహింసగా నిలబడి, వచ్చే కష్టాలు భరించడం. రెండోది, మున్సిపాలిటీ హద్దులు దాటి బయటికి వెళ్లిపోవడం.

జనం రెండో దారి ఎంచుకున్నారు. లాజిక్ సింపుల్. మున్సిపాలిటీ పన్ను మున్సిపాలిటీ హద్దుల్లో ఉండేవాళ్లకే. హద్దు దాటితే పన్ను అడిగే హక్కే ఉండదు!

15 వేల మందిలో 13 వేల మందికి పైగా బయటికి

1921 వేసవిలో వలస మొదలైంది. సుమారు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా ఊరు ఖాళీ చేశారు. హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి 'రామనగర్' అని పేరు పెట్టుకున్నారు. తగాదాలొస్తే తీర్చుకోవడానికి సొంత పంచాయతీ కూడా ఏర్పాటు చేసుకున్నారు.

ఒక్కసారి ఊహించండి. సొంత ఇల్లు కళ్ల ముందే ఉంది. నడిచి వెళ్లేంత దూరం. కానీ వెళ్లకూడదు. ఎండలోనూ, వానలోనూ పాకలోనే బతుకు. ఇలా ఒక వారం కాదు, నెల కాదు.. దాదాపు 11 నెలలు!

మరి ఎందుకు ఆగిపోయింది?

బరంపురంలో సభకు వెళ్లిన గోపాలకృష్ణయ్యను, ప్రసంగించొద్దన్న ఆంక్షలను ధిక్కరించారని అరెస్టు చేశారు. ఏడాది జైలు శిక్ష పడింది. నడిపించే మనిషి లేడు. చేతిలో డబ్బులు అయిపోయాయి. రోజు కూలీ మీద బతికే కుటుంబాలు ఎంతకాలమని తట్టుకుంటాయి? 1922 నాటికి జనం ఒక్కొక్కరుగా ఇళ్లకు తిరిగొచ్చారు. మున్సిపాలిటీ మాత్రం అలాగే ఉండిపోయింది.

అంటే ఓడిపోయినట్టేనా? అడిగింది దక్కలేదు, అది నిజం. కానీ ఆ నిప్పు చీరాలతో ఆగలేదు. 1922 జనవరిలో ఇదే గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు భూమి శిస్తు కట్టం అని నిలబడ్డారు. పల్నాడులో పశువుల మేత మీద వేసిన పుల్లరికి ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు అదే ఏడాది తూటాలకు బలయ్యారు. పత్తి, మిర్చి పండే ఈ నేలలో పన్ను మీద పోరాటం అంత పాతది.

ఇప్పటి సంగతేంటి?

ఇప్పుడెవరూ ఊరు ఊరంతా కదలరు. కానీ ఊళ్లను పట్నంలో కలపడం ఆగలేదు. 2012లో గుంటూరు నగరపాలక సంస్థలో నల్లపాడు, గోరంట్ల, ఏటుకూరు, బుడంపాడు సహా 10 పంచాయతీలు కలిశాయి. 2021లో మంగళగిరి-తాడేపల్లి కార్పొరేషన్ ఏర్పడింది.

ఊరు పట్నంలో కలిస్తే రోడ్లు, డ్రైన్లు, మంచినీళ్లు వస్తాయని ఆశ. స్థలం రేటు పెరుగుతుంది. అమ్ముకునేవాళ్లకు అది లాభమే. అక్కడే ఉండి బతకాలనుకునేవాళ్లకు లెక్క వేరు. ఉపాధి హామీ పనులు గ్రామీణ ప్రాంతాలకే కాబట్టి, కూలీ కుటుంబానికి ఆ ఆసరా పోతుంది.

ఇంటి పన్ను లెక్క కూడా మారింది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఏపీ పట్టణాల్లో అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువపై పన్ను వేసే పద్ధతి వచ్చింది. నివాస భవనాలకు 0.10 నుంచి 0.50 శాతం, వాణిజ్య భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య రేట్లు పెట్టారు. ఒక ఏడాదిలో పెంపు 15 శాతం మించకూడదని పరిమితి విధించారు.

15 శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఏటా 15 శాతం చొప్పున పెరిగితే ఈ రోజు 1,000 రూపాయల పన్ను ఐదేళ్లలో 2 వేలు దాటుతుంది. స్థలం రేటు పెరిగితే పన్నూ పెరుగుతుంది. ఇల్లు అమ్మనివాడి చేతికి మాత్రం ఆ రేటు రూపాయి కూడా రాదు. ఇంటి ఓనర్ తన భారాన్ని అద్దెలో కలిపితే చివరికి మోసేది అద్దెకున్నవాళ్లే.

అందుకే ఇప్పటి వలస చప్పుడు లేకుండా జరుగుతుంది. ఒక కుటుంబం అద్దె తక్కువని ఇంకో పది కిలోమీటర్లు అవతలికి పోతుంది. ఇంకొకరు పంచాయతీ పరిధిలో స్థలం వెతుక్కుంటారు. ఎవరికి వాళ్లే వెళ్తారు కాబట్టి అది ఉద్యమంలా కనిపించదు.

అడిగితే వింటారా?

ఒక్కోసారి వింటారు. 2021 అక్టోబర్ 2న మొదలైన క్లాప్ కార్యక్రమంలో భాగంగా పట్టణాల్లో ఇంటింటికీ చెత్త రుసుము వసూలు చేశారు. దానిపై గట్టి వ్యతిరేకత వచ్చింది. సరిగ్గా మూడేళ్లకు, 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో చెత్త పన్ను రద్దు చేస్తున్నట్టు ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రకటించారు. మొదలైందీ, రద్దు ప్రకటన వచ్చిందీ గాంధీ జయంతి రోజే!

పట్నం నడవాలంటే పన్ను కావాల్సిందే. చెత్త ఎత్తేవాళ్లకు జీతాలు ఆకాశం నుంచి రాలవు. చీరాల జనం కూడా అసలు పన్నే వద్దనలేదు. అంతకుముందు యూనియన్‌కు కట్టినవాళ్లే కదా! కట్టగలిగినంత వేయండి, వేసేముందు మమ్మల్ని అడగండి అన్నారు. ఆ మాట వినకపోవడం వల్లే 13 వేల మంది తమ ఇళ్లు కనిపించేంత దూరంలో పాకలేసుకుని బతికారు.