లేసర్ యంత్రానికి ప్లైవుడ్ ఎంపిక: విత్తన పళ్లాల తయారీలో ఒక అనుభవం

మొక్కజొన్న విత్తే పరికరంలో విత్తన పళ్లెం చిన్న భాగమే గాని, సాలులో మొక్కల మధ్య దూరమంతా దాని రంధ్రాలపైనే ఆధారపడి ఉంటుంది. కొత్త ఆకృతిలో రంధ్రాలను పరీక్షించదలచినప్పుడు లోహంతో నేరుగా పళ్లెం చేయించడం ఖర్చుతో కూడిన పని. అందువల్ల మా స్నాతకోత్తర విద్యార్థులు 3 మి.మీ. ప్లైవుడ్‌ను బల్లపై అమరే చిన్న లేసర్ యంత్రంతో కోసి నమూనా పళ్లాలను తయారుచేసుకొంటారు.

ఒకసారి 24 రంధ్రాల పళ్లెంతో గ్రీజు పట్టీ పరీక్ష జరుపగా, ప్రతి చుట్టులోనూ కొన్నిచోట్ల రెండేసి గింజలు పడసాగాయి. రంధ్రపు ఆకృతిలోనే దోషమున్నదని భావించి ఆ నమూనాను వదలివేసే దశకు వచ్చాము. పళ్లాన్ని విప్పి వెనుకవైపు చూసినప్పుడు గాని అసలు సంగతి బయటపడలేదు. వరుసగా నాలుగు రంధ్రాలు యంత్రంపై పూర్తిగా తెగలేదు. విద్యార్థి వాటిని చాకుతో పొడిచి, గీకి తెరిచాడు. ఆ నాలుగూ మిగిలినవాటికంటె కొంత పెద్దవయ్యాయి. చెక్కలోని లోపాన్ని విత్తన పరికరం లోపంగా నమోదు చేయబోయాము.

ఆ చెక్క చౌకబారుది కాదు. మరుగునీటిని సైతం తట్టుకొంటుందని దుకాణదారు నమ్మకంగా ఇచ్చిన మేలురకం. చిక్కంతా ఆ మేలుతనంలోనే ఉన్నది.

లేసర్ కిరణం రంపంవలె చెక్కను కోయదు. సూదిమొనంత చోట తీవ్రమైన వేడిని కలిగించి చెక్కను ఆవిరిగా, పొగగా మారుస్తుంది. చెక్క ఇందుకు సులభంగా లొంగుతుంది. పొరల మధ్యనున్న జిగురు అంత సులభంగా లొంగదు. ఐ.ఎస్. 710 ప్రమాణానికి చెందిన మెరైన్ ప్లైవుడ్‌లో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. ఇది వేడికి కరగక బొగ్గుగా మారుతుంది. ఆ బొగ్గు దిగువ పొరకు చేరవలసిన వేడిని అడ్డుకొంటుంది. అంతరిక్ష నౌకల ఉష్ణకవచాలలో ఫినాలిక్ రెసిన్లను వాడటానికి కారణం ఈ గుణమే. అటువంటి పదార్థాన్ని 40 వాట్ల యంత్రంతో శుభ్రంగా కోయాలనుకోవడం మన పొరపాటు. ఐ.ఎస్. 303 ప్రమాణంలోని ఎం.ఆర్. రకం తేమను మాత్రమే తట్టుకొంటుంది. అందులో సాధారణంగా వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు లేసర్‌కు ఎంతో అనుకూలం. ఇది మనకు పరిచయమైన యూరియాయే. రాయితీ యూరియా ఇటువంటి పరిశ్రమలకు దారి మళ్లకుండా చూడటం కూడా 2015లో వేపపూతను తప్పనిసరి చేయడంలో ఒక ఉద్దేశం.

జిగురు తరువాత చూడవలసినది లోపలి పొర. పైపొర నునుపును చూసి కొనడం అందరికీ అలవాటు, కాని లేసర్‌కు ఆ అందంతో పని లేదు. లోపలి పొరలో ఖాళీ ఉంటే కిరణం అక్కడ చెదరి అంచులు మాడతాయి, ఒక్కొక్కప్పుడు మంట కూడా లేస్తుంది. రెండు ముక్కలు ఒకదానిపై ఒకటి ఎక్కిన చోట మందం పెరిగి కోత ఆగిపోతుంది. కొమ్మ ముడి చుట్టూ ఉన్న చెక్కకంటె గట్టిగా, సాంద్రంగా ఉంటుంది. మా పళ్లెంలో నాలుగు రంధ్రాలు ఒకేచోట నిలిచిపోవడానికి ఫినాల్ జిగురుకు ఇటువంటి ముడి తోడవడమే కారణం.

ఇక్కడ మన శాస్త్రానికి నేరుగా సంబంధం ఏర్పడుతుంది. హర్యానాలోని యమునానగర్ ప్లైవుడ్ పరిశ్రమ ప్రధానంగా రైతులు పెంచిన పోప్లార్, జామాయిల్ కలపపై నడుస్తున్నది. మన రాష్ట్రాలలో ఇదే అవసరానికి జామాయిల్‌తోపాటు మలబార్ వేపను పెంచుతున్నారు. పోప్లార్, మలబార్ వేప తేలికైన చెక్కలు కనుక తక్కువ శక్తితోనే తెగుతాయి; జామాయిల్ బరువైనది, మొండికేస్తుంది. మలబార్ వేపలో తొలి రెండు మూడేళ్లు ప్రక్కకొమ్మలను లేతగా ఉన్నప్పుడే తీసివేస్తే ముడులు లేని పొర లభిస్తుందని విస్తరణ సమావేశాలలో నేను అనేకమార్లు చెప్పాను. చెప్పని కత్తిరింపు ఫలితం ఎలా ఉంటుందో మాత్రం ఆ నాలుగు రంధ్రాలలోనే మొదటిసారి కళ్లారా చూశాను.

దిగుమతి అయ్యే బిర్చ్ ప్లైవుడ్‌లో అన్ని పొరలూ ఒకే జాతి చెక్కతో, దాదాపు ఒకే మందంతో ఉంటాయి. నాణ్యతలో దానికి సాటి అరుదు. ధర ఎక్కువ, బరువు వల్ల కోత వేగమూ తగ్గించాలి. అదికూడా రెండు రకాల జిగుర్లతోనూ వస్తుంది కనుక పేరు ఒక్కటే చూసి కొనరాదు.

దుకాణంలో మొదట పలక అంచును పరిశీలించాలి. పొరల మధ్య ముదురు ఎరుపు గోధుమ రంగు గీత కనిపిస్తే అది ఫినాల్ జిగురుగా భావించి ప్రక్కన పెట్టవచ్చు. తరువాత 3 మి.మీ. పలకను ఎండకో బలమైన దీపానికో అడ్డంగా ఎత్తి చూడాలి. ఖాళీలు వెలుతురుగాను, ముడులు, అతుకులు నల్లని మచ్చలుగాను తెలుస్తాయి. వెర్నియర్ కాలిపర్‌తో నాలుగు మూలలా మందం కొలవడం మరువరాదు. వంగిన పలకను ఎంత తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోరాదు, ఎందుకంటే కిరణపు కేంద్రీకరణ పలక పొడవునా ఒకే ఎత్తులో నిలవదు.

ఇంతచేసినా ప్రతి కొత్త పలకకూ పరీక్ష కోత తప్పదు. శక్తిని మార్చకుండా, వేగాన్ని క్రమంగా పెంచుతూ 20 మి.మీ. చదరాలు వరుసగా కోయాలి. చేయి తగలకుండా తమంతట తాము రాలిన చదరాలలో చివరిదాని వేగంకంటె కొంచెం తక్కువ వేగాన్ని ఎంచుకోవాలి. గాలి వీచే అమరిక తప్పనిసరి. పొగలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది కనుక దానిని గది బయటకు పంపాలి. యంత్రం నడుస్తున్నంతసేపూ ఒకరు దగ్గర ఉండాలి. పి.వి.సి. పూత గల పలకలను యంత్రం దరికి చేర్చరాదు, అవి క్లోరిన్ సంబంధమైన విషవాయువులను వెలువరిస్తాయి.

అదే ఆకృతిని ఎం.ఆర్. రకం పోప్లార్ ప్లైవుడ్‌పై తిరిగి కోయించాము. 24 ముక్కలూ వాటంతట అవే రాలాయి. గ్రీజు పట్టీపై జంట గింజలు పడటం ఆగింది. మేము వదలివేయబోయిన నమూనా ఇప్పుడు లోహపు పళ్లెంగా తయారవుతున్నది. చాకు వాడిన పళ్లాన్ని ప్రయోగశాల గోడకు తగిలించాము.